అవామ్ గోడకెక్కిన పేరు

నష్క్ పట్టణం
యాత్ర నుంచి తిరిగొచ్చిన తొమ్మిదో రోజు

తమ్ముడు రబ్బవామ్‌కు అక్క షఫ్నత్ తన చేత్తో గీసి పంపుతున్న ఖర్జూరపు మట్ట ఉత్తరం. అల్మకహ్ స్వామి నిన్ను చల్లగా చూడాలి.

క్షేమంగా చేరాం. మారిబ్ నుంచి నాలుగు రోజుల దారిలో ఒంటె కుదుపులకు నడుం విరిగింది తప్ప చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. ఇక్కడ ఉత్తరాలు గీసే ముసలాయన, "ఆడదానివి, నీకెందుకమ్మా ఆ కత్తి మొన, నువ్వు చెప్పు, నేను గీస్తా" అన్నాడు. ఆయన చేత గీయించుకుంటే ఊరంతటికీ చదివి వినిపించాకే ఒంటెవాడికిస్తాడు. నాన్న మనిద్దరికీ ఒకే ఇసుకలో అక్షరాలు దిద్దించాడు కాబట్టి బతికిపోయాను. నా రాత కోడి కెలికినట్టుందని నవ్వకు. నువ్వు గుడిలో రాళ్ళ మీద చెక్కేవాడివి, నేను ఖర్జూరపు మట్ట మీద గీకేదాన్ని.

మీ బావ ఇంకా రాజుగారి దండులోనే ఉన్నారు. మా అత్త మోకాళ్ళ నొప్పి వంకతో యాత్రకు రాలేదు కదా, ఇప్పుడు మాత్రం అక్కడ ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పమని ప్రాణం తీస్తోంది. పిల్లాణ్ణి ఎవరు ఎత్తుకున్నారు, గుడిలోకి ఏ కాలు ముందు పెట్టారు, అన్నీ కావాలి. "మేనమామే ఎత్తుకుని స్వామికి చూపించాడు, నేను వెనకాల నడిచాను" అని చెప్పాను. "పోనీలే, ఆ ఒక్క పనైనా సక్రమంగా చేశారు" అంది. ఆవిడ నోట్లోంచి అది మెచ్చుకోలు కిందే లెక్క.

మా పక్కింటావిడ సంగతి విన్నావా? ఉల్లిపాయ తిని గుడిలోకి వెళ్ళిందట. వారం తిరక్కుండా మేక చచ్చిపోయింది. ఇప్పుడు తప్పు ఒప్పుకుంటూ కంచు పలక వేయిస్తానంటోంది. నీ దగ్గరికే వస్తుంది. అక్షరాలతో పాటు ఉల్లిపాయ బొమ్మ కూడా పెట్టు.

పిల్లాడు అబ్కరిబ్‌కు కొన్నాళ్ళుగా ఒళ్ళు వెచ్చగా ఉంది. ప్రయాణపు బడలిక అయి ఉంటుంది. మీ కొట్టంలో రాళ్ళెత్తే ధారి కోసం అడుగుతున్నాడు. ఎప్పుడొచ్చినా వాడికి మట్టితో ఒంటె చేసిచ్చేవాడు కదా, ఈసారి కనబడలేదేం?

మారిబ్, అవామ్ గుడి పక్క రాతిపనివాళ్ళ కొట్టం
యాత్ర తర్వాత ఇరవయ్యో రోజు

అక్కకు తమ్ముడి నమస్కారం.

మీ పక్కింటావిడ రానే వచ్చింది. ఉల్లిపాయ మాట పలక మీద వద్దని, "ఏదో తిన్నాను" అని పెట్టమని బతిమాలింది. మా పెద్దమేస్త్రీ యసూక్ ఒప్పుకోలేదు. "స్వామికి వాసన తెలీదనుకున్నావా? తిన్నదేదో ఆ పేరే పెట్టు" అన్నాడు. అలాగే పెట్టాం.

పిల్లాడి జ్వరం ఏ రోజు మొదలైందో నువ్వు రాయలేదు. దారిలోనా, ఇంటికి చేరాకా? రాత్రిళ్ళు ఎక్కువవుతోందా? గంజి తాగుతున్నాడా? ఒంటెలవాళ్ళు ఎవరొచ్చినా మట్ట పంపు. చిన్నదైనా ఫరవాలేదు.

ధారి పోయాడు అక్కా. మీరు వెళ్ళిన తర్వాత గనిలో రాయి జారి మీద పడింది. ఈ సంగతి పిల్లాడికి చెప్పకు.

నష్క్
జొన్న కోతలు మొదలైన నెల

తమ్ముడూ,

పిల్లాడి ఒంట్లో బాగోలేదని ఎలా గీయాలో తెలియక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. జ్వరం దారిలోనే మొదలైంది, గుడికి వెళ్ళిన మూడో రోజున. వస్తోంది, పోతోంది, మళ్ళీ వస్తోంది. పది రోజుల నుంచి వాడి కాళ్ళు నిలబడటం లేదు. నిలబెడితే తడిసిన గుడ్డలా కూలిపోతున్నాడు. "అమ్మా, నా కాళ్ళెక్కడికెళ్ళాయి" అని అడుగుతున్నాడు. వాడి ముందు ఏడవకూడదని పెరట్లోకి పోతున్నాను.

మీ బావ దండు నుంచి వచ్చారు. వచ్చిన మర్నాడే ఇక్కడి అల్మకహ్ గుడికి వెళ్ళి అడిగించారు. స్వామి పలికాడు. "బిడ్డను నా ఇంటికి తెచ్చినవాళ్ళలో ఒకరు మైలతో వచ్చారు. ఆ తప్పు అవామ్‌లో నా గోడ మీదకి ఎక్కాలి. ఎక్కితే బిడ్డ లేస్తాడు" అని. పూజారి ఈ మాటను మూడుసార్లు చెప్పాడట. మీ బావ ఇంటికొచ్చి నా మొహం చూడకుండా చెప్పారు.

మా అత్త ఊరుకుంటుందా? "రాళ్ళు కొట్టుకునే ఇంటి పిల్లని తెచ్చుకున్నాం. దేవుడి గడపంటే గని గడప అనుకుంది. చెప్పవే, ఏం చేశావు?" అంది. నేను గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. ఆ రోజు ఉల్లి తినలేదు, వెల్లుల్లి తినలేదు. తలంటుకున్నాను. ఉతికిన బట్ట కట్టుకున్నాను. మీ బావ ఊళ్ళోనే లేరు, కాబట్టి ఆ మైల కూడా లేదు. వాడిని గుడికి తీసుకెళ్ళింది మనిద్దరమే. నాలో లేకపోతే ఇంకెక్కడుంది?

అందుకని అడుగుతున్నాను, కోపం తెచ్చుకోకు. నీ వైపు ఏమైనా ఉందా? ఏదైనా సరే. ఎంత సిగ్గుపడేదైనా సరే. నేను నీ అక్కను, నీ ముక్కు తుడిచినదాన్ని. నాకు చెప్పు.

మారిబ్
అదే నెల చివర

అక్కకు,

నీ మట్ట చదివాక రెండు రోజులు ఉలి పట్టుకోలేదు. కాళ్ళకు వేడి నూనె మర్దన చేయించు. ఇక్కడ నువ్వుల నూనెలో గుగ్గిలం కాచి పూస్తారు, ఒంటెవాడితో కొంచెం పంపుతున్నాను.

నాకు తెలిసి నా వైపు ఏ మైలా లేదు.

స్వామిని ఇంకోసారి అడిగించండి. పూజారులు ఒక్కోసారి ఒక్కోలా వింటారు. పోయినేడు ఒకాయనకు కూతురు పుడుతుందని చెప్పారు, కవలలు పుట్టారు, ఇద్దరూ మగపిల్లలే. కాబట్టి మళ్ళీ అడిగించండి. తొందరపడి ఎవరూ ఏమీ ఒప్పుకోవద్దు.

నష్క్
కోతలు ముగిసే వేళ

తమ్ముడూ,

మళ్ళీ అడిగించాం. అదే మాట.

నీలో లేదు, నాలో లేదు, మరి స్వామి అబద్ధం చెప్పడు. ఎవరో ఒకరి పేరు గోడకెక్కాలి. నువ్వు గుడి పని చేసుకుని బతికేవాడివి, మైల మనిషివని పేరొస్తే ఆ కొట్టంలో నిన్ను అడుగు పెట్టనివ్వరు. నాకేం, ఇంట్లో ఉండేదాన్ని. అందుకని ఒక తప్పు ఒప్పుకున్నాను. ఆ రోజు నేను దూరంగా ఉండాల్సిన దాన్నని, ఎవరికీ చెప్పకుండా గుడిలోకి వచ్చానని. ఆడదానికి ఇంతకంటే సులువుగా నమ్మే తప్పు ఏముంది? పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం. మా అత్త వెంటనే నమ్మింది. ముందునుంచీ అనుకుంటున్నట్టే నమ్మింది. మీ బావ మాత్రం, "నిజమేనా షఫ్నత్?" అని ఒకటికి రెండుసార్లు అడిగారు. నిజమేనన్నాను.

నీకు మాత్రం చెబుతున్నాను, అది నిజం కాదు. ఇంకెవరికీ తెలియదు. నీకు కూడా చెప్పకుండా ఉండాల్సింది, కానీ ఎవరో ఒకరికైనా తెలియకపోతే నాకే నిజమనిపించేలా ఉంది.

పలక మీద పెట్టాల్సింది ఇది:

"మర్తద్ భార్య షఫ్నత్, అవామ్ స్వామి అల్మకహ్ ఎదుట తప్పు ఒప్పుకుంటోంది. ఆమె శుద్ధి కాకుండానే ఆయన ఇంట్లో అడుగు పెట్టింది. ఆయన ఆమె కొడుకు అబ్కరిబ్‌ను రోగంతో కొట్టాడు. ఆమె తలవంచింది, తప్పు చెల్లించింది. ఇక ఆయన బిడ్డను లేవనెత్తుగాక."

కంచు మీ బావ పంపుతున్నారు. నువ్వే చెయ్యి. వేరేవాళ్ళ చేతుల్లో నా పేరు నలగడం నాకిష్టం లేదు.

మారిబ్
వాన మబ్బులు కనబడిన నెల

అక్కకు,

కంచు చేరింది. తూకం కొంచెం తగ్గింది. పైగా ఇక్కడ కొలిమిలన్నీ దండుకు ఈటెమొనలు పోస్తున్నాయి, మా వంతు రావడానికి ఆలస్యమవుతుందంటున్నారు. ఈలోపు ఇంకొక్కసారి ఆలోచించుకో. గోడకెక్కిన మాట దిగదు. మన మనవల మనవలు కూడా చదువుతారు. ఎన్నడూ చూడని మనుషులు నీ పేరు మీద వేలు పెట్టి చదువుతారు. నీకు ఇది అవసరమా అక్కా? పిల్లాడు తనంతట తానే తేరుకుంటాడేమో. గుగ్గిలం నూనె పనిచేసిందా?

నష్క్

నిన్నటి నుంచి వాడికి నీళ్ళు చుక్క చుక్కగా తప్ప దిగడం లేదు. ఈటెమొనలు ఆపించు. నీ కాళ్ళు పట్టుకుంటాను. తొందరగా చెయ్యి.

మారిబ్
తొలి వరద ఆనకట్టకు తాకిన రోజు

అక్కకు,

అయిపోయింది. ఈ మట్ట తెస్తున్నవాడు ఆగకుండా రెండు ఒంటెలు మార్చుకుంటూ వస్తానన్నాడు, కాబట్టి నీకు మూడో రోజే అందాలి.

మైనం మీద అక్షరాలు నేనే పెట్టాను. నీ పేరు దగ్గర చెయ్యి ఆగింది. ఎందుకాగిందో ఇప్పుడు చెప్పలేను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఒక్కణ్ణే కూర్చుని పూర్తి చేశాను. మట్టి మెత్తి కంచు పోశాం. ఒక్క బుడగ కూడా లేకుండా దిగింది. యసూక్ చూసి, "నీ చేతి పనుల్లో ఇదే గొప్పది" అన్నాడు.

ఈ పొద్దున గోడకు బిగించాం. యసూక్ నిలబడి గట్టిగా చదివాడు. చుట్టూ పాతిక మంది ఉన్నారు. వెనకాల ఇద్దరాడవాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు, "నష్క్ ఆడవాళ్ళకి రోజులు లెక్కబెట్టుకోవడం రాదు కాబోలు" అని. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

పిల్లాడి కబురు పంపు.

నష్క్
వరద నీళ్ళు చేలకు మళ్ళిన నెల

తమ్ముడూ,

లేచాడు.

పలక ఎక్కిన మర్నాడు గుక్కెడు నీళ్ళు మింగాడు. ఆ తర్వాతి రోజు ఖర్జూరం నమిలి, గింజ మా అత్త మీదకే ఉమ్మాడు. ఎనిమిదో రోజున గోడ పట్టుకుని నిలబడ్డాడు. మీ బావ ఏడ్చారు. దండులో ఎన్ని చావులు చూసినా చలించని మనిషి, కొడుకు రెండడుగులు వేస్తే నేలమీద కూలబడి ఏడ్చారు. స్వామి మాట నిలబెట్టుకున్నాడు. నేను ఆయన్ని శంకించినందుకు నోరు కడుక్కున్నాను.

అసలు సంగతి ఇప్పుడు రాయాలి. నిన్ను బాధపెట్టాలని కాదు. ఎలాగూ ఎవరో ఒకరు నీకు చెబుతారు, ఆ చెప్పేదేదో నేనే చెబుతున్నాను. ఇప్పుడు నేను ఆ ఇంట్లో లేను. గోడకు పేరెక్కిన ఆడది, ఏ బిడ్డకైతే తన మైల తగిలిందో ఆ బిడ్డను రెండు యాత్రలు దాటేదాకా తాకకూడదట. వాడు తాగే నీళ్ళు ముట్టకూడదు. వాడు పడుకునే కప్పు కింద నిద్రపోకూడదు. ఇలాంటి నియమం ఉందని నాకు ముందే తెలుసు. నెల రోజులంటారనుకున్నాను, మూడు నెలలంటారనుకున్నాను. వంశానికి ఒక్కడే మగపిల్లాడు కాబట్టి పెద్దలు కూర్చుని రెండు యాత్రలన్నారు.

మీ బావ, "నా చేతుల్లో లేదే షఫ్నత్" అన్నారు. నిజంగానే ఆయన చేతుల్లో లేదు. బట్టల మూట ఆయనే మోసుకొచ్చి దింపారు. ఊరి చివర నేతపని చేసే వితంతువు ఇంటి వెనక గది. ఆవిడ మంచిదే. రోజూ సాయంత్రం మిద్దె ఎక్కితే మా పెరడు కనబడుతుంది. వాడు పరుగెత్తుతున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు ఒకసారి. మా అత్త వెంటనే లోపలికి లాక్కుపోయింది. అప్పటి నుంచి ఆ వైపు ఆడనివ్వడం లేదు.

రెండేళ్ళంటే వాడికి ఏడేళ్ళొస్తాయి. ఈలోపు ఇంకో కోడల్ని తెస్తామంటోంది మా అత్త. ఏం చెయ్యను? పిల్లాడు బతికాడు. దీనికంటే ఎక్కువ అడిగితే అత్యాశ అంటారు.

మారిబ్
అదే నెల, నీ మట్ట అందిన మర్నాడు

అక్కా,

మైల నాది.

ధారి మీరు వెళ్ళాక చనిపోలేదు. గుడికి వెళ్ళే ముందు రోజు పొద్దున చనిపోయాడు. రాయి తప్పించి వాణ్ణి బయటికి లాగింది నేనే, అప్పుడు అక్కడ ఇంకెవరూ లేరు. వాడి తల నా ఒళ్ళోనే ఉంది. శవాన్ని తాకినవాడు ఏడు రోజులు గుడి నీడ తొక్కకూడదు, ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడెవడు, ఆ నియమం చెక్కిన రాయి కూడా నా చేతిదే. కానీ మీ ఒంటెలు మూడో రోజు బయలుదేరుతున్నాయి. నువ్వు పిల్లాడికి కొత్త చొక్కా కుట్టుకొచ్చావు. మేనమామ ఎత్తుకోకపోతే మొక్కు తీరదు. ఇప్పుడు కాదంటే ఇంకో ఏడాది ఆగాలి. అందుకని స్నానం చేసి, స్వామి పెద్ద మనసు చేసుకుంటాడులే అనుకుని వాణ్ణి ఎత్తుకున్నాను.

నువ్వు నన్ను నేరుగా అడిగావు. లేదన్నాను. భయపడ్డాను అక్కా. యాత్ర నాటి నుంచి మైలతో నేను చెక్కిన రాళ్ళన్నీ పీకించేస్తారని, ఈ కొట్టం తప్ప నాకు వేరే చోటు లేదని. నువ్వు నా కోసమే పేరిచ్చావని తెలిశాక కూడా నోరు విప్పలేదు. ఆ మధ్యాహ్నం మైనం మీద నీ పేరు బొటనవేలితో రుద్దేసి నా పేరు పెట్టాను. కాసేపు చూసుకున్నాను. యసూక్ నిద్ర లేచి దగ్గిన చప్పుడు వినబడగానే మళ్ళీ నీ పేరు పెట్టేశాను.

నిన్న నీ మట్ట చదివి తిన్నగా యసూక్ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను. ఆయన ఉలికి పదును పెట్టుకుంటూ విన్నాడు. "పిల్లాడు లేచాడా?" అన్నాడు. లేచాడన్నాను. "అయితే స్వామి ఒప్పుకున్నట్టే కదరా. స్వామి ఒప్పుకున్నదాన్ని పీకడానికి నువ్వెవడివి, నేనెవణ్ణి? నీ పలక పెడితే, స్వామికి తప్పెవరిదో తెలీలేదని గోడ మీద రాసినట్టవుద్ది. మీ బావ వంశంవాళ్ళు వచ్చి నా పీక పట్టుకుంటారు. వెళ్ళి పని చూసుకో" అన్నాడు.

నేను ఇంక ఆగలేను. వచ్చే యాత్రలో జనం అందరూ ఉండగా గోడ ముందు నిలబడి అరిచి చెబుతాను. కొట్టిచంపినా సరే. అప్పుడు నిన్ను ఇంట్లోకి రానివ్వక తప్పదు. నువ్వు ఊ అను చాలు.

నష్క్
ఆనకట్ట నీళ్ళు తగ్గే నెల

రబ్బవామ్,

తమ్ముడూ అని గీయడానికి కత్తి కదల్లేదు. ఇరవై రోజులు కదల్లేదు.

నీ మట్టను మొదట విరిచి పొయ్యిలో పెట్టాను. సగం కాలాక తీశాను. నీ మీద నాకున్న కోపం ఎంతో గీయాలంటే నష్క్‌లో ఉన్న ఖర్జూరపు చెట్లన్నీ కొట్టినా మట్టలు చాలవు. నేను నిన్ను అడిగాను. ఎంత సిగ్గుపడేదైనా చెప్పమన్నాను. నువ్వు నాకు గుగ్గిలం నూనె పంపావు. నువ్వొక్క మాట చెప్పి ఉంటే నువ్వు కొట్టం వదిలి నా ఇంటికి వచ్చేవాడివి, మీ బావ నిన్ను పొలంలో పెట్టుకునేవారు, నా బిడ్డ నా పక్కలో పడుకునేవాడు.

నువ్వు ఊ అనమన్నావు. అనను.

అరిచి చెబుతావా? చెప్పు, ఆ తర్వాత? నీ మాట నిజమైతే నేను స్వామి గోడ మీద అబద్ధం ఎక్కించాను. ఆయన ఆ అబద్ధానికే బిడ్డనిచ్చాడు. ఎందుకిచ్చాడో నాకు తెలియదు. తెలియక ఇచ్చాడో, తెలిసీ జాలిపడ్డాడో, అసలు ఆయనకి దీంతో సంబంధమే లేదో. ఆ పలక కదిలితే వాడి కాళ్ళు మళ్ళీ కూలిపోవని నువ్వు హామీ ఇవ్వగలవా? నేనివ్వలేను. నా మాట ఎత్తావంటే, యాత్రలో నోరు విప్పావంటే, నేనే ఎదురుగా నిలబడి మా తమ్ముడికి మతి చెడిందని చెబుతాను. పలక అక్కడే ఉంటుంది. వాడు బతికున్నంత కాలం ఉంటుంది.

ఇంకో పని ఉంది, దానికోసమే ఇది గీస్తున్నాను. వచ్చే నెల మొదటి రోజున మా అత్తింటివాళ్ళు పిల్లాడు బతికినందుకు గొర్రెను కోసి విందు చేస్తున్నారు. తల్లి వైపు నుంచి ఏ మచ్చా లేని మగవాడు ఒకడు వచ్చి పిల్లాడి పక్కన కూర్చుని మొదటి ముద్ద పెట్టాలట. మా అత్త నిన్నే పిలిపిస్తోంది. "అక్క ఎలాంటిదైనా తమ్ముడు యోగ్యుడు, గుడి మనిషి" అందట. నేతావిడ విని వచ్చి చెప్పింది.

నువ్వు వస్తావు. రానంటే కుదరదు. మంచి బట్ట కట్టుకుని, వాళ్ళు చూపించిన చోట కూర్చో, వాళ్ళు పొగిడితే పొగిడించుకో. ఆ గడప దాటే అర్హత మన ఇద్దరిలో నీకే ఉందని లోకం అంటోంది కాబట్టి, వెళ్ళి నా బదులు చూడు. పళ్ళు ఎన్ని ఊడాయో చూడు. ఎడమ కాలు ఈడుస్తున్నాడేమో నడిపించి చూడు, మిద్దె మీద నుంచి నాకు సరిగా కనబడదు. ఎవరి పక్కన పడుకుంటున్నాడో అడుగు.

తర్వాత ఊరి చివరకి వచ్చి, గది బయట నిలబడే చెప్పు. నిన్ను లోపలికి రమ్మనను. వాడు నన్ను అడిగాడా అన్నది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు. అడగలేదంటే అడగలేదనే చెప్పు. ఈ ఒక్కదానికి నాతో అబద్ధం ఆడకు.